హెపరాన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు కణజాల మరమ్మతులో నిజంగా ఏం చేస్తాయి? హెపారిన్ వాటికి బదులు కాగలదా?

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయని నాకు అర్థమైంది. గాయం మానడం గురించి ఎక్కడ చదివినా వృద్ధి కారకాల (కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్ల) పేర్లే కనిపిస్తున్నాయనీ, హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులను మోసే ప్రోటీన్లైన హెపరాన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లకు పాఠ్యపుస్తకంలో ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దక్కలేదనీ రాశారు. అవి కణాల మధ్య ఖాళీని నింపే పదార్థం మాత్రమేనా, లేక మరమ్మతును నిజంగా నడిపిస్తాయా అని అడిగారు. నడిపించేటట్లయితే, గాయం మీద అమర్చే పదార్థాల్లో వాటికి బదులుగా, రక్తం గడ్డకట్టకుండా మందుగా వాడే, సులభంగా దొరికే హెపారిన్‌ను కలిపితే చాలదా అన్నది మీ చివరి సందేహం.

కణబాహ్య మాత్రిక, అంటే కణాల చుట్టూ ఉండే ప్రోటీన్ల, చక్కెరల అల్లిక మీద, అందులోనూ చర్మపు గాయాల మీద, చాలా ఏళ్లుగా ప్రయోగశాలలో పనిచేస్తున్నాను కనుక ముందుగా సూటి జవాబు చెప్పి, తర్వాత కారణాలకు వెళ్తాను.

అవి నింపుడు పదార్థం కావు. ఒక వృద్ధి కారకం ఎక్కడ నిలవాలి, ఎంత దూరం వ్యాపించాలి, ఎప్పుడు విడుదల కావాలి, కణం మీద ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకంతో ఎంతసేపు జతకట్టి ఉండాలి అనేవాటిని చాలా సందర్భాల్లో నిర్ణయించేవి ఈ ప్రోటియోగ్లైకాన్లే. హెపారిన్ వాటికి బదులు కాలేదు. కొన్ని పరిమితమైన పనులకు అది పనికొస్తుంది కానీ, మోతాదు కాస్త పెరిగితే అదే పని చెడగొడుతుంది. నా అనుభవంలో ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు చేసే పొరపాటు ఒక్కటే: హెపరాన్ సల్ఫేట్ ఎంత ఉందని కొలుస్తారు. మరమ్మతు ఫలితం మాత్రం ఆ గొలుసు మీద సల్ఫేట్‌లు ఏ నమూనాలో ఉన్నాయి, అది కణజాలంలో ఏ చోట ఉంది, గాయమైన ఎన్నో రోజున ఉంది అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఆ అణువు ఎలా ఉంటుందో చూద్దాం. మధ్యలో ఒక ప్రోటీన్, దాని సెరీన్ అమైనో ఆమ్లాల నుంచి బయటికి సాగిన పొడవాటి, కొమ్మలు లేని చక్కెర గొలుసులు. జైలోజ్, రెండు గెలాక్టోజ్‌లు, ఒక గ్లూకురోనిక్ ఆమ్లం కలిసిన చిన్న వంతెన ఈ రెండింటినీ కలుపుతుంది. ఆ తర్వాత గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ అనే చక్కెరలు ఒకటి విడిచి ఒకటిగా పేరుకుంటూ పోతాయి. ఈ పేర్పు పనిని గాల్జీ పరికరంలో ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 అనే రెండు ప్రోటీన్లు జంటగా చేస్తాయి. గొలుసు పెరుగుతుండగానే మరికొన్ని ఎంజైములు దాని మీద పనిచేస్తాయి. కొన్నిచోట్ల ఎసిటైల్ సమూహాన్ని తీసి సల్ఫేట్‌ను పెడతాయి, కొన్నిచోట్ల గ్లూకురోనిక్ ఆమ్లాన్ని ఇడురోనిక్ ఆమ్లంగా తిప్పుతాయి, ఇంకొన్నిచోట్ల చక్కెర వలయంలోని 2వ, 6వ, అరుదుగా 3వ స్థానంలో సల్ఫేట్‌లను చేరుస్తాయి. ఏ ఎంజైమూ గొలుసు పొడవునా ఒకే తీరుగా పనిచేయదు. అందువల్ల పూర్తయిన గొలుసులో సల్ఫేట్‌లు దట్టంగా ఉన్న భాగాలు, దాదాపు లేని భాగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గొలుసు పొడవు సుమారు 20 నుంచి 150 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఒక మామూలు ప్రోటీన్ వ్యాసంతో పోల్చి చూస్తే, అది కణం ఉపరితలం నుంచి ఎంత దూరం చేయి చాచగలదో తెలుస్తుంది.

ప్రోటీన్ వరుసను జన్యువు అక్షరం అక్షరంగా నిర్ణయిస్తుంది కానీ, ఈ చక్కెర గొలుసుకు అటువంటి మూస ఏదీ లేదు. ఏ కణంలో ఏ ఎంజైములు ఎంత మోతాదులో ఉన్నాయో దాన్నిబట్టి నమూనా తయారవుతుంది. కాలేయ కణం తయారుచేసే గొలుసూ రక్తనాళపు లోపలి పొర కణం తయారుచేసే గొలుసూ ఒకే ప్రోటీన్ మీద కూర్చున్నా ఒకటి కావు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలిన చర్చ అంతా తేలికవుతుంది.

ప్రోటీన్ ఏదన్నదాన్నిబట్టి గొలుసుకు చోటు దొరుకుతుంది. క్షీరదాల్లో నాలుగు సిండెకాన్లు కణపొరను దాటి లోపలికి తోక చాచి ఉంటాయి. ఆరు గ్లైపికాన్లు కణపొర బయటి ముఖానికి ఒక కొవ్వు లంగరుతో అంటుకుని ఉంటాయి. పెర్లెకాన్, అగ్రిన్, 18వ రకం కొలాజెన్ కణాన్ని విడిచి, కణాల పొర కింద ఉండే పలుచని ఆధార పటలంలోనూ కణం చుట్టూ ఉండే మాత్రికలోనూ స్థిరపడతాయి. మాస్ట్ కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) లోపల నిల్వ ఉండే సెర్‌గ్లైసిన్ మీద తయారయ్యేదే హెపారిన్. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు పని సంగతి. సల్ఫేట్‌ల వల్ల, కార్బాక్సిల్ సమూహాల వల్ల గొలుసుకు బలమైన ఋణావేశం ఉంటుంది. వృద్ధి కారకాలు, తెల్ల రక్తకణాలను పిలిచే కీమోకైన్లు, మాత్రిక ప్రోటీన్లలో చాలావాటికి లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలతో నిండిన ధనావేశ ప్రాంతాలు ఉంటాయి. రెండూ అతుక్కుంటాయి. అతుక్కోవడమే అసలు సంగతి అయితే ఇది అంత ఆసక్తికరమైన విషయం కాదు. ఎవరు ఎవరితో ఎంత గట్టిగా అతుక్కుంటారన్నది సల్ఫేట్‌ల అమరికను బట్టి మారడం వల్లే ఇది జీవశాస్త్రం అయింది. దీనికి అత్యంత స్పష్టమైన ఉదాహరణ యాంటీథ్రాంబిన్. రక్తం గడ్డకట్టడాన్ని ఆపే ఈ ప్రోటీన్, 3వ స్థానంలో సల్ఫేట్ ఉన్న గ్లూకోసమైన్ గల ఒక ప్రత్యేకమైన ఐదు చక్కెరల వరుసను గుర్తుపడుతుంది. ఆ ఒక్క సల్ఫేట్ లేకపోతే బంధం ఎన్నో రెట్లు బలహీనపడుతుంది. అన్ని ప్రోటీన్లూ ఇంత కచ్చితమైన వరుసను కోరవని కూడా చెప్పాలి. చాలావాటికి ఫలానా రకం సల్ఫేట్‌లు తగినంత దట్టంగా ఉంటే చాలు.

పట్టి ఉంచడం, జతకూర్చడం. ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకం 2, అంటే ఎఫ్‌జీఎఫ్2, ఈ రంగానికి పాఠశాల వంటిది. 1984లో హెపారిన్ అంటించిన పదార్థంతో నింపిన శుద్ధి గొట్టం (కాలమ్) మీదే దాన్ని సులభంగా శుద్ధి చేయవచ్చని తెలిసింది, అంత గట్టిగా అది హెపారిన్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత అది ఆధార పటలంలోని హెపరాన్ సల్ఫేట్ మీద నిల్వ ఉంటుందని గమనించారు. 1991లో వచ్చిన ఫలితాలు ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాయి. హెపరాన్ సల్ఫేట్ లేని కణాల మీద గ్రాహకం ఉన్నా ఎఫ్‌జీఎఫ్2 సరిగా పనిచేయలేదు, బయటి నుంచి హెపారిన్ చేరిస్తే పనిచేసింది. చక్కెర గొలుసు ఇక్కడ గోదాము మాత్రమే కాదు, సంకేతపు యంత్రంలో ఒక భాగం. ఒకే గొలుసు వృద్ధి కారకాన్నీ గ్రాహకాన్నీ రెండింటినీ పట్టుకుని, రెండు గ్రాహకాలు పక్కపక్కన నిలిచేలా చేస్తుంది. వృద్ధి కారకాన్ని పట్టుకోవడానికి 2వ స్థానపు సల్ఫేట్ ముఖ్యం, గ్రాహకాన్ని కూడా కలుపుకోవడానికి 6వ స్థానపు సల్ఫేట్ కావాలి. కనుక 6వ స్థానం ఖాళీగా ఉన్న గొలుసు ఎఫ్‌జీఎఫ్2ను పట్టుకుంటుంది కానీ పని చేయించదు. పట్టుకున్నంత మాత్రాన సాయం చేసినట్టు కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కణం తన గొలుసును తయారుచేసి బయట పెట్టిన తర్వాత కూడా సవరించగలదు. సల్ఫ్1, సల్ఫ్2 అనే ఎంజైములు కణం బయటే పనిచేస్తూ 6వ స్థానపు సల్ఫేట్‌లను కత్తిరిస్తాయి. దానివల్ల ఎఫ్‌జీఎఫ్2 సంకేతం తగ్గుతుంది, అదే సమయంలో గొలుసుకు అతుక్కున్న డబ్ల్యూఎన్‌టీ అనే సంకేత ప్రోటీన్లు కాస్త వదులై తమ గ్రాహకాన్ని చేరుకోగలుగుతాయి. ఒకే కత్తిరింపు ఒక సంకేతాన్ని అణచి, ఇంకొకదాన్ని లేపుతుంది. ఈ రెండు ఎంజైములూ లేని ఎలుకల్లో కండరపు గాయం ఆలస్యంగా బాగుపడింది. కండరపు మూల కణాలు విభజన ఆపి కండర తంతువులుగా మారవలసిన సమయంలో ఎఫ్‌జీఎఫ్2 సంకేతం తగ్గకుండా ఉండిపోవడమే దానికి కారణంగా చూపారు.

దూరాన్ని నిర్ణయించడం. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ఒకే జన్యువు నుంచి అనేక రూపాల్లో వస్తుంది. 121 అమైనో ఆమ్లాల రూపం హెపరాన్ సల్ఫేట్‌ను దాదాపు పట్టుకోదు, 165 రూపం మధ్యస్థంగా పట్టుకుంటుంది, 189 రూపం గట్టిగా అతుక్కుపోతుంది. ఎలుకల్లో చిన్న రూపాన్ని మాత్రమే మిగిల్చినప్పుడు వీఈజీఎఫ్ మొత్తం ఉంది కానీ, అది మూలం దగ్గర దట్టంగా, దూరంగా పలుచగా ఉండే వాలు ఏర్పడక నలువైపులా ఒకేలా వ్యాపించింది. ఫలితంగా నాళాలు కొమ్మలు వేయడం తగ్గి, వెడల్పుగా తయారయ్యాయి. గాయంలోకి కొత్త నాళం రావాలంటే దాని కొన కణానికి ఎటు వెళ్లాలో తెలియాలి, ఆ దిక్కును చెప్పేది మాత్రికలోని ఈ వాలే.

తెల్ల రక్తకణాల రాకలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. కీమోకైన్లు రక్తంలో తేలుతూ ఉంటే ప్రవాహంతో కొట్టుకుపోతాయి. నాళపు లోపలి గోడ మీది హెపరాన్ సల్ఫేట్ వాటిని పట్టి నిలుపుతుంది కనుకనే దొర్లుతూ వచ్చే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం అక్కడ ఆగుతుంది. ఎలుకల నాళపు లోపలి కణాల్లో ఈ గొలుసుల సల్ఫేట్‌లను తగ్గించినప్పుడు వాపు చోటికి న్యూట్రోఫిల్స్ రావడం తగ్గింది. ఊపిరితిత్తుల గాయం మీద 2002లో వచ్చిన ఒక పరిశీలన నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. గాయపడిన ఉపకళా కణాల (గాలి గదుల లోపలి పొర కణాల) మీది సిండెకాన్-1ను మ్యాట్రిలైసిన్ అనే ఎంజైమ్ కత్తిరించి వదులుతుంది, దానికి అతుక్కున్న కీమోకైన్ కూడా దానితోపాటు గాలి గదుల వైపు కదులుతుంది, న్యూట్రోఫిల్స్ ఆ దారినే అనుసరిస్తాయి. ఆ ఎంజైమ్ లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ నాళం దాటి వచ్చాయి కానీ, ఉపకళను దాటలేక మధ్యలోనే నిలిచిపోయాయి.

ఇప్పుడు మీరు అడిగిన మరమ్మతు దగ్గరికి వద్దాం. 2001లో సిండెకాన్-4 లేని ఎలుకల్లో చర్మపు గాయం మానడం ఆలస్యమైందనీ, గాయంలో ఏర్పడే కొత్త కణజాలంలో నాళాలు సరిగా రాలేదనీ తేలింది. ఒక జన్యు ప్రతి మాత్రమే పోయినా ఆ లోపం కనిపించడం విశేషం. 2002లో సిండెకాన్-1 లేని ఎలుకల్లో చర్మపు పై పొర కణాలైన కెరటినోసైట్‌లు గాయాన్ని కప్పడానికి తగినట్టుగా చురుకుగా మారలేదని చూపారు. 2004లో ఇంకా సూక్ష్మమైన ప్రయోగం వచ్చింది. పెర్లెకాన్ ప్రోటీన్‌ను ఉంచి, దానికి హెపరాన్ సల్ఫేట్ అతుక్కునే భాగాన్ని మాత్రమే తీసేసిన ఎలుకల్లోనూ గాయం ఆలస్యంగా మానింది, నాళాలు తగ్గాయి. ప్రోటీన్ సరిపోదు, దాని మీది చక్కెర కావాలి అనడానికి నేను అందరికీ చూపించే సాక్ష్యం ఇదే.

ఇంతవరకు చదివితే ఎక్కువ ఉంటే మంచిదని అనిపిస్తుంది. అదే 2004లో సిండెకాన్-1ను అధికంగా తయారుచేసే ఎలుకల మీద పరిశీలన వచ్చింది. వాటిలోనూ గాయం ఆలస్యంగానే మానింది. కణం నుంచి తెగి గాయపు ద్రవంలోకి చేరిన సిండెకాన్-1 ముక్కలు, కణం మీదకు చేరవలసిన కారకాలను దారిలోనే పట్టి ఉంచాయి. తక్కువైనా ఆలస్యమే, తప్పు చోట ఎక్కువైనా ఆలస్యమే. 1998లో వెలువడిన ఒక ఫలితం ఈ చిక్కును విప్పుతుంది. కణం నుంచి విడిపోయిన సిండెకాన్-1 ముక్క ఉన్నదున్నట్టుగా ఎఫ్‌జీఎఫ్2ను అడ్డుకుంటుంది. కానీ గాయపు ద్రవంలో ఉండే హెపరనేజ్ అనే ఎంజైమ్ దాని గొలుసులను ముక్కలు చేస్తే, విడివడిన సల్ఫేట్ దట్టమైన చిన్న ముక్కలు ఎఫ్‌జీఎఫ్2ను బలంగా పనిచేయించాయి. అంటే గొలుసులోని సల్ఫేట్ తక్కువ భాగాలు అడ్డుగా ఉండి, ఎక్కువ భాగాలు సాయంగా ఉన్నాయి. ఆ రెండింటినీ విడదీసిన కోత మరమ్మతుకు పనికొచ్చింది.

హెపరనేజ్‌ను అందరూ కణజాలాన్ని నాశనం చేసే ఎంజైమ్‌గానే పరిచయం చేస్తారు. క్యాన్సర్ కణాలు ఆధార పటలాన్ని చీల్చుకుని పోవడంలోనూ, తీవ్రమైన రక్త సంక్రమణలో నాళపు లోపలి పూత రాలిపోవడంలోనూ దాని పాత్ర నిజమే. గాయంలో మాత్రం ఫలకికలు (ప్లేట్‌లెట్లు), న్యూట్రోఫిల్స్ మోసుకొచ్చే ఈ ఎంజైమే నిల్వ ఉన్న కారకాలను విడుదల చేసే తాళంచెవి. పూర్తిగా ఆపేయాలని చూసే ప్రతి చికిత్సా ఆలోచన ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. పట్టి ఉంచడం ఎంత అవసరమో, సమయానికి వదలడమూ అంతే అవసరం. మానని గాయాల్లో ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు ఎన్నాళ్లయినా తగ్గక, మాత్రిక నిలదొక్కుకోవడానికి వ్యవధి దొరకదు. అటువంటి చోట వృద్ధి కారకాన్ని బయటి నుంచి పోస్తే అది నిలిచేందుకు చోటు ఉండదు, ఉన్న కాసేపట్లోనే ఎంజైములు దాన్ని కూడా కత్తిరిస్తాయి. మధుమేహ పాదపు పుండ్లకు పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకపు జెల్ 1997లోనే అమెరికాలో అనుమతి పొందినా, ఆ తర్వాత వృద్ధి కారకాల చికిత్స ఆశించినంత దూరం వెళ్లకపోవడానికి ఇది ఒక ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం. ఏకైక కారణం అనడం లేదు, ఆ పుండ్లలో రక్తప్రసరణ, సూక్ష్మజీవులు, ఒత్తిడి అన్నీ కలిసి ఉంటాయి.

నా సొంత పనిలోంచి రెండు సంగతులు చెబుతాను.

మొదటిది హెపారిన్ మోతాదు గురించి. కొన్నేళ్ల క్రితం మా దగ్గర నాళపు లోపలి కణాలను ఎఫ్‌జీఎఫ్2తో పెంచుతున్నప్పుడు, కొద్దిగా హెపారిన్ కలిపితే పెరుగుదల మెరుగైంది. ఎఫ్‌జీఎఫ్2 ఒంటరిగా 37 డిగ్రీల దగ్గర త్వరగా చెడిపోతుంది, హెపారిన్ దాన్ని కాపాడుతుంది కనుక అది ఊహించినదే. ఇంకా మెరుగవుతుందనే ఆశతో మోతాదును మెట్లు మెట్లుగా పెంచాం. ఒక స్థాయి దాటాక పెరుగుదల పడిపోయి, చివరికి హెపారిన్ లేని పాత్రల కంటే తక్కువైంది. కణాలు చనిపోయాయేమోనని మొదట అనుమానించాం, కానీ అవి ఆరోగ్యంగానే ఉన్నాయి. తర్వాత సోడియం క్లోరేట్‌తో కణాల సొంత సల్ఫేట్ చేరికను అణచి అదే ప్రయోగం చేసినప్పుడు విషయం స్పష్టమైంది. సొంత గొలుసుల మీద సల్ఫేట్‌లు లేని ఆ కణాలకు కొద్దిపాటి హెపారిన్ ప్రాణం పోసినట్టయింది, అధిక మోతాదు వాటికీ పనికిరాలేదు. గొలుసులు మరీ ఎక్కువైతే వృద్ధి కారకం ఒక గొలుసు మీద, గ్రాహకం ఇంకో గొలుసు మీద ఉండిపోయి, మూడూ ఒకచోట కలవవు. సొంత గొలుసులున్న కణాల విషయంలో, ద్రవంలోని హెపారిన్ పోటీకి వచ్చి కారకాన్ని కణం నుంచి లాగేస్తుంది కూడా. అందుకే ఎవరైనా ఒకే మోతాదుతో ప్రయోగం చేసి హెపారిన్ సాయపడుతుందనో అడ్డుపడుతుందనో తేల్చి చెబితే, ఆ ముగింపును నేను అంగీకరించను. కనీసం ఐదారు మోతాదుల వక్రరేఖ కావాలి.

రెండోది కణాలు తొలగించిన చర్మం గురించి. దాత చర్మంలోని కణాలను డిటర్జెంట్‌తో కడిగేసి మాత్రికను మాత్రమే మిగిల్చి, దాన్ని గాయం మీద అమర్చే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మేము తయారుచేసిన ఒక వరుస నమూనాల్లో డైమిథైల్‌మిథైలీన్ బ్లూ రంగు పరీక్ష చేస్తే సల్ఫేట్ చక్కెరలు చాలావరకు మిగిలినట్టే కనిపించాయి. సంతోషించాం. కానీ ఆ మాత్రిక మీద వేసిన కెరటినోసైట్‌లు సరిగా పరచుకోలేదు, ఎఫ్‌జీఎఫ్2లో నానబెట్టి కడిగితే అది దాదాపు నిలవలేదు. ఆ రంగు పరీక్ష అన్ని రకాల సల్ఫేట్ చక్కెరలనూ కలిపి కొలుస్తుంది, చర్మంలో వాటిలో అధికభాగం డెర్మటాన్ సల్ఫేట్. మేము కొలిచింది దాన్నే. నమూనాలను హెపరాన్ సల్ఫేట్‌ను కోసే హెపరినేజ్ 3 అనే ఎంజైమ్‌తో (పైన చెప్పిన హెపరనేజ్ వేరు) కోసి, ఆ కోత తర్వాత ప్రోటీన్ మీద మిగిలే మొలకను గుర్తించే 3జీ10 యాంటీబాడీతో రంగు వేసినప్పుడు, ఆధార పటలం ఉండవలసిన గీత చాలాచోట్ల ఖాళీగా కనిపించింది. డిటర్జెంట్ మోతాదు, కడిగే సమయం తగ్గించాక ఆ గీత తిరిగి వచ్చింది, కణాలూ పరచుకున్నాయి. ఈ ఫలితం వెనుక లామినిన్ వంటి ఇతర ప్రోటీన్లు దక్కడం కూడా ఉండవచ్చు కనుక, ఘనత అంతా హెపరాన్ సల్ఫేట్‌కే ఇవ్వను. మొత్తం కొలత మమ్మల్ని తప్పుదారి పట్టించిందన్నది మాత్రం వాస్తవం.

చర్మానికి అవతల కూడా ఇవే సూత్రాలు నడుస్తాయి. నాడుల విషయంలో 2011లో తెలిసిన సంగతి ఆశ్చర్యపరుస్తుంది. నాడీ తంతువు కొనలో ఉండే పీటీపీ సిగ్మా అనే గ్రాహకం హెపరాన్ సల్ఫేట్‌నూ కాండ్రాయిటిన్ సల్ఫేట్‌నూ దాదాపు ఒకే చోట పట్టుకుంటుంది. మొదటిది తగిలితే గ్రాహకాలు గుంపుకట్టి తంతువు ముందుకు సాగుతుంది, రెండోది తగిలితే గుంపులు విడిపోయి తంతువు ఆగుతుంది. వెన్నుపాము గాయం తర్వాత ఏర్పడే మచ్చలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ పేరుకుపోవడం వల్ల తంతువులు అక్కడ ఆగిపోతాయి. మృదులాస్థిలో పెర్లెకాన్ ప్రతి కణం చుట్టూ ఎఫ్‌జీఎఫ్2ను నిల్వ ఉంచి, నొక్కిడికో గాయానికో లోనైనప్పుడు అందిస్తుంది. ఎముక పెరుగుదలకు తోడ్పడే బీఎంపీ2 అనే కారకం కూడా ఈ గొలుసులను పట్టుకుంటుంది.

మనుషుల్లోని జన్యు వ్యాధులు కూడా ఇందుకు సాక్ష్యం. ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2లో ఒక ప్రతి చెడితే వంశపారంపర్యంగా ఎముకల మీద మృదులాస్థి కప్పిన బుడిపెలు అనేకం వస్తాయి. ఎలుక పిండంలో ఈఎక్స్‌టీ1 రెండు ప్రతులూ పోతే పిండం తొలి దశలోనే ఆగిపోతుంది. పెర్లెకాన్ జన్యువులోని లోపాలు ష్వార్ట్జ్-జాంపెల్ వ్యాధికి, గ్లైపికాన్-3 లోపాలు అతిపెరుగుదల కనిపించే సింప్సన్-గోలబి-బెమెల్ వ్యాధికి దారితీస్తాయి. తయారీ సరిగా ఉన్నా విచ్ఛిన్నం జరగకపోతే హర్లర్, హంటర్, శాన్‌ఫిలిప్పో వ్యాధుల్లో లాగా గొలుసులు కణాల్లో పేరుకుపోతాయి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. హెపరాన్ సల్ఫేట్‌కు అంటగట్టిన ప్రతి పాత్రా నిలబడలేదు. మూత్రపిండపు వడపోత పొరలో దాని ఋణావేశమే రక్తపు ప్రోటీన్లు మూత్రంలోకి పోకుండా ఆపుతుందని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. వడపోత పొరను కప్పి ఉండే పోడోసైట్ కణాల్లో మాత్రమే ఈఎక్స్‌టీ1ను తొలగించిన ఎలుకల్లో ఆ పొర ఋణావేశం బాగా తగ్గినా, మూత్రంలోకి పోయిన ప్రోటీన్ ఊహించినంత పెరగలేదు. అందువల్ల ఆవేశాన్ని మాత్రమే చూపి ఒక పనిని తేల్చి చెప్పే వాదనలు చదివినప్పుడు, ఆ గొలుసును తీసేసి చూశారా, మళ్లీ పెట్టి చూశారా అని అడగండి.

ఇక హెపారిన్ సంగతి. అది హెపరాన్ సల్ఫేట్ కుటుంబానిదే కానీ, మాస్ట్ కణాల్లో తయారయ్యే అతి సల్ఫేట్ రూపం. ప్రతి చక్కెర జంటకు హెపారిన్‌లో సగటున రెండుకు మించిన సల్ఫేట్‌లు ఉంటే, మామూలు కణజాలపు హెపరాన్ సల్ఫేట్‌లో ఒకటి దరిదాపుల్లో ఉంటాయి. ఖాళీ భాగాలు లేనందువల్ల హెపారిన్‌కు ఎంపిక తక్కువ, దాదాపు ప్రతి ధనావేశ ప్రోటీన్‌నూ పట్టుకుంటుంది. రక్తం గడ్డకట్టనివ్వదు, తాజా గాయంలో అది ప్రమాదం. కొందరిలో ఫలకికల కారకం 4తో కలిసి రోగనిరోధక స్పందనను రేపి ఫలకికలను తగ్గిస్తుంది. జంతువుల పేగు నుంచి తీసే పదార్థం కనుక ఒక విడతకూ ఇంకో విడతకూ తేడా ఉంటుంది. పదార్థానికి రసాయన బంధంతో గట్టిగా అంటించిన కొద్దిపాటి హెపారిన్ వృద్ధి కారకాన్ని నెమ్మదిగా వదిలే పనికి బాగానే ఉపయోగపడుతుంది, ఆ మేరకు నేనూ వాడాను. కరిగిన రూపంలో పోయడం మాత్రం వేరే విషయం, దాన్ని నేను సిఫారసు చేయను. గడ్డకట్టడాన్ని అడ్డుకునే గుణం తీసేయడానికి కొన్ని సల్ఫేట్‌లను తొలగించిన హెపారిన్ రూపాలు, డెక్స్‌ట్రాన్ నుంచి తయారుచేసి హెపరనేజ్ కత్తికి లొంగకుండా చేసిన అనుకరణలు, ఒకే వృద్ధి కారకాన్ని పట్టే భాగాలను ఏరి తీసిన హెపరాన్ సల్ఫేట్ ముక్కలు అనే మూడు దారుల్లో ప్రస్తుతం పని సాగుతోంది. వీటిలో మూడోది నాకు అన్నిటికన్నా సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే అది నమూనా ముఖ్యమన్న మూల విషయాన్ని గౌరవిస్తుంది. అయితే ఏరి తీయడం శ్రమతో కూడినది, దిగుబడి తక్కువ.

మీరు ఈ దిశలో ప్రయోగం మొదలుపెట్టేటట్లయితే, పదార్థంలో ఏదైనా కలపడానికి ముందే మీ కణజాలంలో ఏముందో చూడండి. కోయకముందు ఉన్న గొలుసులను 10ఈ4 యాంటీబాడీతోనూ, హెపరినేజ్ 3 కోత తర్వాత గొలుసులు ఉండిన ప్రోటీన్లను 3జీ10తోనూ గుర్తించండి. ఎంజైమ్ వేయని నమూనాను పక్కన తప్పక ఉంచండి, లేకపోతే 3జీ10 రంగుకు అర్థం ఉండదు. తర్వాత గొలుసులను పూర్తిగా చక్కెర జంటలుగా కోసి, ద్రవ క్రోమటోగ్రఫీతో ఏ రకం సల్ఫేట్ జంటలు ఎంత పాళ్లలో ఉన్నాయో తెలుసుకోండి. గాయమైన మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు నమూనాలను విడివిడిగా పరీక్షించండి. ఒక్క రోజు నమూనాతో తీసిన పాళ్లు ఆ ఒక్క రోజుకే వర్తిస్తాయి.